రిపోర్టులో టోటల్ ఎక్కడ తప్పుతది? ఈఆర్పీ టేబుళ్ల మధ్య చుట్టరికం మీద ఒక విశ్లేషణ

క్లుప్తంగా: ఈఆర్పీ, అంటే కంపెనీ అమ్మకాలు, స్టాకు, లెక్కలు అన్నీ కలిపి నడిపే సాఫ్ట్‌వేర్, ఒక్క బిల్లును కూడా ఒకేచోట పెట్టదు, ముక్కలు ముక్కలుగా నాలుగైదు టేబుళ్లలో (వరుసలు, కాలమ్‌లు ఉన్న పట్టికల్లో) దాస్తది. ఆ ముక్కల్ని మళ్లీ కలిపేటప్పుడు ఏ టేబుల్‌లో ఒక వరుస దేన్ని చెప్తుందో తెల్వకపోతే అమ్మకాలు మూడింతలు కనబడతయి, కొందరు డీలర్లు మాయమైతరు, పాత ఏండ్ల లెక్క కొత్త జిల్లాల కింద పడతది. ఈ తప్పులు ఎట్ల పుడతయి, ఎస్ఏపీ, ఒరాకిల్, ఓడూ, ట్యాలీ లాంటి సాఫ్ట్‌వేర్లలో సంబంధాలు ఎక్కడ దాగి ఉంటయి, వాటిని ఎట్ల పట్టుకోవాలన్నది ఈ వ్యాసం.

ఒకే నెల, మూడు టోటళ్లు

హన్మకొండలో డ్రిప్ సామాన్లు అమ్మే ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు అనుకోండి. నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి దిక్కు డీలర్లకు సరుకు పోతది. నెలాఖరుకు అకౌంట్స్ సెక్షన్‌లో సాఫ్ట్‌వేర్ ఇచ్చే రెడీమేడ్ రిపోర్టు తీస్తే ఒక అమ్మకం అంకె వస్తది, పవర్ బీఐ అనే రిపోర్టింగ్ టూల్‌లో డాష్‌బోర్డ్ చేసిన అతను చూపించేది ఇంకోటి, మేనేజర్ ఎక్సెల్‌లో వీలుకప్ (కోడ్ ఇస్తే వేరే షీట్‌లో వెతికి విలువ తెచ్చే ఫార్ములా) పెట్టి తీసింది మూడోది. ముగ్గురు తీసింది ఒకే డేటాబేస్ నుంచి, ఒకే నెలకు, అయినా మూడు అంకెలు.

అప్పుడు ముందుగాల వచ్చే మాట సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తున్నదని. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిన లెక్క చాలాసార్లు సరిగ్గనే ఉంటది, దాన్ని బయటికి తీసి కలిపిన తీరులోనే తప్పు జరుగుతది. కొంచెం పెద్దగైన వ్యాపారం, అది జిన్నింగ్ మిల్లు కావచ్చు, రైస్ మిల్లు కావచ్చు, మిర్చి కోల్డ్ స్టోరేజీ కావచ్చు, ట్యాలీ దాటి ఈఆర్పీకి పోయినప్పుడల్లా ఈ గొడవ మొదలైతది, ఎందుకంటే అప్పటిదాకా రిపోర్టు ఒక బటన్ నొక్కితే వచ్చేది, ఇప్పుడు అదే రిపోర్టును ఎవరో ఒకరు కూసొని టేబుళ్లు కలిపి తయారు చేయాల్సి వస్తది.

అసలు ముక్కలు ఎందుకు చేసిర్రు

ఎనుమాముల మార్కెట్‌లో పాతకాలం అడ్తి దుకాణం గుమస్తా రెండు పుస్తకాలు రాసేటోడు. చిట్టాలో ఆ రోజు జరిగిన ప్రతి లావాదేవీ తేదీ వారీగా ఎక్కేది, ఆవర్జాలో ఒక్కొక్క రైతు పేరు మీద, ఒక్కొక్క ఖరీదుదారు పేరు మీద ఖాతా ఉండేది. చిట్టాలో లైను రాసినప్పుడు రైతు ఊరు, తండ్రి పేరు, అడ్రసు మళ్లీ మళ్లీ రాయరు, ఆవర్జాలో ఆయన పేజీ నంబర్ వేస్తే చాలు. ఇంటర్‌లో సీఈసీ చదివినోళ్లకు జర్నల్‌లో ఎల్ఎఫ్ అని ఒక సన్నటి కాలమ్ గుర్తుండే ఉంటది, లెడ్జర్ ఫోలియో. ఆ కాలమ్‌లో వేసే పేజీ నంబరే ఇవ్వాళ డేటాబేస్‌లో ఫారిన్ కీ అంటున్నది. ఆవర్జాలో ఆ పేజీ నంబర్ ఒక్క ఖాతాకే ఉంటది కాబట్టి అక్కడ అది ప్రైమరీ కీ.

1970లో ఐబీఎం వాళ్ల శాన్ హోసే ల్యాబ్‌లో పనిచేసే ఎడ్గర్ కాడ్ ఈ పద్ధతికి గణితం పునాది వేసిండు. డేటా అంతా టేబుళ్లుగా ఉండాలె, రెండు టేబుళ్ల మధ్య సంబంధం ఆ టేబుళ్లలో ఉన్న విలువల ద్వారానే తెలవాలె, డిస్క్‌లో ఏది ఎక్కడ ఉందో తెలిసినోడికే దారి దొరికే పద్ధతి పోవాలె అన్నది ఆయన ప్రతిపాదన. దాని నుంచే ఒకే సమాచారం రెండు చోట్ల రాయొద్దన్న నార్మలైజేషన్ నియమాలు వచ్చినయి. డీలర్ ఫోన్ నంబర్ మారితే కస్టమర్ మాస్టర్‌లో, అంటే డీలర్ల వివరాలుండే టేబుల్‌లో, ఒక్కచోట మారిస్తే సరిపోతది, పదివేల బిల్లులు దిద్దే పని లేదు.

అయితే ఈ లాభం ఎంట్రీ చేసేటోళ్లకు. రిపోర్టు తీసేటోళ్లకు ఇదే భారం, ఎందుకంటే ఎంట్రీ అప్పుడు విడగొట్టిన ప్రతి ముక్కను రిపోర్టు అప్పుడు మళ్లీ అతికించాలె. ఈఆర్పీ టేబుళ్ల డిజైన్ మొత్తం రోజువారీ పని తొందరగ, తప్పుల్లేకుండ సాగడానికి చేసింది, నెలాఖరు ప్రశ్నలకు జవాబు చెప్పడానికి చేసింది కాదు. ఈ సంగతి మొదట్నే తెలిస్తే తర్వాత వచ్చే చిక్కులు సగం అర్థమైతయి.

పేరుతో కలిపితే వచ్చే కష్టం

శ్రీ వెంకటేశ్వర ట్రేడర్స్ అనే పేరు ఒక్క వరంగల్ నగరంలోనే ఎన్ని దుకాణాలకు ఉంటదో చెప్పలేం. మళ్లా ఒకే దుకాణాన్ని ఒకచోట వెంకటేశ్వర అని, ఇంకోచోట వెంకటేశ్వరా అని, మూడోచోట ఎస్‌వీ ట్రేడర్స్ అని ఎక్కిస్తరు. పేరు మీద రెండు టేబుళ్లు కలిపితే వేర్వేరు దుకాణాలు ఒకటైతయి, ఒకటే దుకాణం మూడైతది. అందుకే కోడ్ మీదనే కలపాలె.

జీఎస్టీ నంబర్ పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతరు. 15 అక్షరాల ఆ నంబర్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36, తర్వాతి పది ఆ వ్యాపారి పాన్. ఒకే యజమానికి రెండు రాష్ట్రాల్లో వ్యాపారం ఉంటే రెండు నంబర్లు, అదే తెలంగాణలో హన్మకొండలో ఒకటి జనగామలో ఒకటి దుకాణాలుంటే రెండింటికీ ఒకే నంబర్ ఉండొచ్చు. అంటే జీఎస్టీ నంబర్ పన్ను లెక్కకు మంచి కీ, డీలర్ వారీ అమ్మకాలకు సరిపోని కీ. ఏ ప్రశ్నకు ఏ కీ అన్నది ముందు తేల్చుకోకుంటే తర్వాత ఎంత మంచి క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) రాసినా ఫాయిదా ఉండదు.

హెడర్ ఒకటి, లైన్లు ఎన్నో

బిల్లు కాగితం చూస్తే పైన బిల్లు నంబర్, తేదీ, పార్టీ పేరు ఉంటయి, కింద ఒక్కొక్క సరుకు ఒక్కొక్క లైను. దాదాపు అన్ని ఈఆర్పీలు ఈ పై భాగాన్ని ఒక టేబుల్‌లో, కింది భాగాన్ని ఇంకో టేబుల్‌లో పెడతయి. ఎస్ఏపీలో సేల్స్ ఆర్డర్ హెడర్ వీబీఏకే, లైన్లు వీబీఏపీ. డెలివరీకి ఎల్ఐకేపీ, ఎల్ఐపీఎస్, బిల్లింగ్‌కు వీబీఆర్‌కే, వీబీఆర్‌పీ. ఒరాకిల్ ఈ-బిజినెస్ సూట్‌లో ఆర్డర్ హెడర్స్, ఆర్డర్ లైన్స్ అని పేర్లలోనే కనబడతది. ఓడూలో సేల్ ఆర్డర్, సేల్ ఆర్డర్ లైన్. పేర్లు వేరుగని నిర్మాణం ఒక్కటే, ఒక హెడర్‌కు ఎన్నో లైన్లు, దీన్నే వన్ టు మెనీ అంటరు.

ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకోవాలె: ఈ టేబుల్‌లో ఒక వరుస అంటే ఏంది? హెడర్ టేబుల్‌లో ఒక వరుస అంటే ఒక బిల్లు. లైన్ టేబుల్‌లో ఒక వరుస అంటే ఒక బిల్లులో ఒక సరుకు. రెండింటినీ కలిపినంక వచ్చే వరుస బిల్లు కాదు, సరుకు లైనే. అట్లాంటప్పుడు హెడర్‌లో ఉన్న రవాణా ఖర్చు 2,000 రూపాయలు, బిల్లులో రెండు లైన్లుంటే రెండుసార్లు కనబడతది, కూడితే 4,000 అయితది. ఇది చిన్న ఉదాహరణ, అసలు నష్టం చేసేది తర్వాత చెప్పేది.

లక్ష రూపాయల బిల్లు మూడు లక్షలు అయ్యే తీరు

పన్ను పక్కన పెట్టి లెక్క చూద్దాం. నర్సంపేట డీలర్‌కు ఒక బిల్లు. దాంట్లో డ్రిప్ పైపులు 60,000, స్ప్రింక్లర్ సెట్లు 40,000, మొత్తం 1,00,000. డీలర్ ఆ డబ్బులు మూడు విడతలుగా కట్టిండు, 50,000, 30,000, 20,000. అంటే బాకీ సున్నా.

ఇప్పుడు మేనేజర్‌కు ఒకే షీట్‌లో అమ్మకం, వసూలు, బాకీ మూడూ కావాలె. రిపోర్టు చేసే మనిషి బిల్లు నంబర్ పట్టుకొని బిల్లు లైన్ల టేబుల్‌ను, వసూళ్ల టేబుల్‌ను కలిపిండు, ఇట్ల కలపడాన్నే జాయిన్ అంటరు. బిల్లుకు లైన్లు రెండు, వసూళ్లు మూడు, డేటాబేస్‌కు ఏ వసూలు ఏ లైన్‌దో తెల్వదు కాబట్టి ప్రతి లైన్‌ను ప్రతి వసూలుతో జత చేస్తది, రెండు మూళ్లు ఆరు వరుసలు. అమ్మకం కాలమ్‌లో 60,000 మూడుసార్లు, 40,000 మూడుసార్లు పడి 3,00,000 అయితది. వసూలు కాలమ్‌లో ఒక్కొక్కటి రెండుసార్లు పడి 2,00,000 అయితది. బాకీ 1,00,000 అని చూపిస్తది. పైసా బాకీ లేని డీలర్‌కు లక్ష కట్టమని ఫోన్ పోతది, ఆ తర్వాత ఆ డీలర్‌తో సంబంధం ఎట్లుంటదో వ్యాపారం చేసేటోళ్లకు చెప్పనక్కర లేదు.

ఇంకా ప్రమాదం ఏందంటే ఈ తప్పు అన్ని బిల్లులకు ఒకేలా జరగదు. ఒకే లైన్, ఒకే వసూలు ఉన్న బిల్లుకు లెక్క సరిగ్గ వస్తది. అందుకే రిపోర్టు చేసినాయన రెండు చిన్న బిల్లులు చూసి బాగనే ఉందనుకుంటడు, నెల టోటల్ దగ్గర తేడా వస్తది, ఎంత తేడా అంటే ఏ గుణకారంతోనూ సరిపోదు, కాబట్టి కారణం దొరకదు.

చాలామంది దీనికి ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే లెక్కించే డిస్టింక్ట్ అనే పదం పెట్టి సరిచేద్దామని చూస్తరు. అది మందు కాదు. డీలర్ 25,000 చొప్పున రెండుసార్లు కట్టి ఉంటే డిస్టింక్ట్‌తో కూడినప్పుడు ఆ రెండు అంకెలు ఒకటే అనుకొని ఒకటి తీసేస్తది, ఒక తప్పు పోయి దానికి ఎదురు తప్పు వస్తది. సరైన దారి, లైన్లను ముందు బిల్లు వారీగా కూడి ఒక బిల్లుకు ఒక వరుస చేయాలె, వసూళ్లను కూడా వేరేగా బిల్లు వారీగా కూడి ఒక బిల్లుకు ఒక వరుస చేయాలె, ఆ తర్వాతనే రెండింటినీ కలపాలె. ఒకటి ఇంటు ఒకటి, ఒకటే.

వీలుకప్ చేసేది దీనికి పూర్తిగా ఎదురు

ఎక్సెల్ మీదనే పెరిగినోళ్లకు ఈ పెరిగే సంగతి కొత్తగ అనిపిస్తది, ఎందుకంటే వీలుకప్ వరుసల్ని ఎన్నడూ పెంచదు. వెతికే కోడ్ పది చోట్ల ఉన్నా మొదటి చోట దొరికినదాన్నే తెచ్చిపెట్టి ఆగిపోతది. పై ఉదాహరణనే వీలుకప్‌తో చేస్తే వసూలు 50,000 మాత్రమే వస్తది, మిగతా రెండు విడతలు కనబడవు, బాకీ 50,000 అని చూపిస్తది. అంటే జాయిన్ పెంచి తప్పు చేసింది, వీలుకప్ తగ్గించి తప్పు చేసింది, ఒకే బిల్లుకు లక్ష బాకీ అని ఒకరు, యాభై వేలు అని ఇంకొకరు, సున్నా అని సాఫ్ట్‌వేర్. మొదట చెప్పిన మూడు టోటళ్ల గొడవకు మూలం ఇదే.

తగ్గే తప్పు జాయిన్‌లో కూడా ఉంది. ఇన్నర్ జాయిన్ రెండు దిక్కులా జత దొరికిన వరుసల్నే ఉంచుతది. డీలర్ల లిస్టును ఈ సీజన్ బిల్లులతో ఇన్నర్ జాయిన్ చేస్తే ఒక్క బిల్లు కూడా కాని డీలర్లు లిస్టులోంచే పోతరు. సేల్స్ మీటింగ్‌లో అసలు మాట్లాడాల్సింది వాళ్ల గురించే, వాళ్లే కనబడరు. లెఫ్ట్ జాయిన్ పెడితే డీలర్ వరుస ఉండి బిల్లు చోట ఖాళీ వస్తది. కానీ లెఫ్ట్ జాయిన్ రాసి కింద వరుసల్ని వడగట్టే వేర్ షరతులో బిల్లు తేదీ ఫలానా నెల అని పెడితే ఖాళీ తేదీ ఆ షరతు దాటలేదు, మళ్లీ వాళ్లు పోతరు, లెఫ్ట్ జాయిన్ పెట్టిన కష్టం వృథా. ఆ షరతు జాయిన్ దగ్గరనే రాయాలె. అనుభవం ఉన్నోళ్లు కూడా చేసే తప్పు ఇది.

వసూలు, బిల్లు: ఎన్నో నుంచి ఎన్నో

పై లెక్కలో ఒక బిల్లుకు మూడు వసూళ్లు అనుకున్నం, నిజానికి మార్కెట్‌లో అంత సాఫీగా ఉండదు. డీలర్ ఒక్కసారి 2,00,000 వేసి దాంట్లో నాలుగు పాత బిల్లులు పట్టుకోమంటడు, ఐదో బిల్లుకు సగం పట్టుకోమంటడు. ఒక బిల్లుకు ఎన్నో వసూళ్లు, ఒక వసూలుకు ఎన్నో బిల్లులు, ఇది మెనీ టు మెనీ. రెండు టేబుళ్లతో ఇది చెప్పడానికి రాదు, మధ్యలో మూడో టేబుల్ కావాలె, ఏ వసూలులోంచి ఏ బిల్లుకు ఎంత పోయింది అని.

ట్యాలీ వాడినోళ్లకు ఈ మూడో టేబుల్ పరిచయమే, పేరు వేరు. బిల్ వైజ్ వివరాలు ఆన్ చేస్తే రసీదు ఎక్కించేటప్పుడు న్యూ రెఫ్, ఎగైనెస్ట్ రెఫ్, అడ్వాన్స్, ఆన్ అకౌంట్ అని అడుగుతది కదా, ఎగైనెస్ట్ రెఫ్ అని ఏ బిల్లుకు ఎంత అని చెప్పడమే ఆ మధ్య టేబుల్ నింపడం. ఆపరేటర్ తొందరలో అన్నీ ఆన్ అకౌంట్‌లో వేస్తే పార్టీ మొత్తం బాకీ సరిగ్గనే ఉంటది కానీ ఏ బిల్లు ఎన్ని రోజుల నుంచి ఆగిందన్న రిపోర్టు ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా తీయలేదు, సంబంధమే ఎక్కలేదు కాబట్టి. ఒరాకిల్‌లో దీనికి రిసీవబుల్ అప్లికేషన్స్ అని టేబుల్ ఉంది, ఓడూలో పార్షియల్ రీకన్సైల్ అని ఉంది. బిల్లు వారీ బాకీ రిపోర్టు కావాలంటే వసూళ్ల టేబుల్‌ను కాదు, ఈ మధ్య టేబుల్‌ను పట్టుకోవాలె.

ఓడూలో ఇంకో సంగతి. బిల్లుకు సంబంధించిన అకౌంట్ మూవ్ లైన్ టేబుల్‌లో సరుకు లైన్లే కాదు, పన్ను లైను, పార్టీ నుంచి రావాల్సిన మొత్తం లైను కూడా ఉంటయి, డెబిట్ క్రెడిట్ సమానం కావాలె కాబట్టి. బ్యాలెన్స్ కాలమ్ మొత్తం కూడితే ఏ బిల్లుకైనా సున్నానే వస్తది. ఒక వరుస అంటే ఇక్కడ సరుకు కాదు, ఒక అకౌంటింగ్ ఎంట్రీ.

ఎస్ఏపీలో సంబంధాలు ఎందుకు కనబడవు

డేటాబేస్ తెరిచి చూస్తే ఫారిన్ కీలు గీతలు గీసి చూపిస్తదని కాలేజీలో చెప్తరు, పెద్ద ఈఆర్పీల దగ్గరికి వస్తే చాలావరకు ఆ గీతలు ఉండవు. ఎస్ఏపీలో ఫారిన్ కీలు దాని సొంత డేటా డిక్షనరీలో రాసి ఉంటయి, ఎస్ఈ11 అనే స్క్రీన్‌లో చూడొచ్చు, కానీ కింద ఉన్న డేటాబేస్‌కు వాటి సంగతి తెల్వదు, తనిఖీ అంతా అప్లికేషనే చేసుకుంటది. కాబట్టి బయటి టూల్‌తో నేరుగా డేటాబేస్‌కు కనెక్ట్ అయినోళ్లకు వేల టేబుళ్లు విడివిడిగ పడి ఉన్నట్టు కనబడతది.

అందుకే పవర్ బీఐ లాంటివి కాలమ్ పేర్లు చూసి సంబంధాన్ని అవే ఊహిస్తయి. ఆ ఊహను నమ్మొద్దు, ఒక్కొక్కటి తీసి చూడాలె.

కీ మొత్తం వాడకపోవడం ఎస్ఏపీలో అతి పెద్ద తప్పు అనాలె. అకౌంటింగ్ డాక్యుమెంట్ నంబర్ ఒక్కటే కీ కాదు, కంపెనీ కోడ్, డాక్యుమెంట్ నంబర్, ఆర్థిక సంవత్సరం మూడూ కలిస్తే కీ. నంబర్ల సిరీస్ ఏడాదికోసారి మళ్లీ మొదలయ్యేటట్టు పెట్టుకుంటే అదే నంబర్ పోయిన ఏడు కూడా ఉంటది, నంబర్ ఒక్కదాని మీద కలిపితే రెండేండ్ల ఎంట్రీలు ఒకదాంట్లో ఒకటి పడతయి. బిల్లు లైన్‌ను ఆర్డర్ లైన్‌తో కలిపేటప్పుడు కూడా ఇంతే, ఆర్డర్ నంబర్‌తో పాటు లైన్ నంబర్ కూడా పెట్టాలె. మూడు లైన్ల ఆర్డర్‌ను నంబర్ ఒక్కదానితో కలిపితే మూడు మూళ్లు తొమ్మిది.

సరుకు పేర్ల టేబుల్ ఎంఏకేటీలో కీలో భాష కూడా ఒక భాగం. రెండు భాషల్లో పేర్లు ఎక్కించిన కంపెనీలో భాష షరతు పెట్టకుండ కలిపితే అమ్మకం రెండింతలు. కస్టమర్ కోడ్ లోపల పది అక్షరాలుగా ముందు సున్నాలతో ఉంటది, స్క్రీన్ మీద, ఎక్సెల్‌లో ఆ సున్నాలు పోతయి, అప్పుడు రెండూ కలవవు, రిపోర్టు ఖాళీగ వస్తది. క్యాన్సిల్ చేసిన బిల్లు చెరిగిపోదు, దానికి ఎదురుగ ఇంకో డాక్యుమెంట్ పుడతది, ఆ డాక్యుమెంట్‌లో, క్రెడిట్ మెమోలో (వాపసుకు, తగ్గింపుకు ఇచ్చే పత్రం) కూడా అంకె పాజిటివ్‌గనే ఉంటది, రకం చూసి మైనస్ గుర్తు రిపోర్టు రాసేటోళ్లే పెట్టాలె. ఒరాకిల్‌లో పేరు చివర ఆల్ అని ఉన్న టేబుళ్లలో అన్ని ఆపరేటింగ్ యూనిట్ల (కంపెనీలోని విడివిడి విభాగాల) డేటా కలిసి ఉంటది, ఆర్గ్ ఐడీ అనే యూనిట్ నంబర్ షరతు లేకుంటే పక్క యూనిట్ బిల్లులు కూడా వచ్చి పడతయి.

జిల్లా మారింది, పాత బిల్లు ఎక్కడికి పోవాలె

ఇప్పటిదాకా చెప్పింది ఒక క్షణంలో టేబుళ్ల మధ్య ఉన్న సంబంధం. కాలంతో మారే సంబంధాలు ఇంకా కష్టం, దీనికి వరంగల్‌ను మించిన ఉదాహరణ లేదు.

2016 అక్టోబర్ 11 న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినప్పుడు పాత వరంగల్ జిల్లాలోంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వచ్చినయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హన్మకొండ అయింది, వరంగల్ రూరల్ పేరు వరంగల్ అయింది, దాంతోపాటు కొన్ని మండలాలు అటుదిటు ఇటుదటు మారినయి.

పరకాలలో ఒక డీలర్ 2015 నుంచి ఉన్నడనుకోండి. మొదట ఆయన జిల్లా వరంగల్, తర్వాత వరంగల్ రూరల్, ఇప్పుడు హన్మకొండ. కమలాపూర్ డీలర్‌దైతే మొదట కరీంనగర్, తర్వాత వరంగల్ అర్బన్, ఇప్పుడు హన్మకొండ. డీలర్ మాస్టర్‌లో జిల్లా అనే కాలమ్ ఒక్కటే ఉంటే ఎవరో దాన్ని ఒకరోజు మారుస్తరు, ఆ క్షణం నుంచి 2015 బిల్లులు కూడా హన్మకొండ జిల్లా కింద కనబడతయి, అప్పటికి ఆ జిల్లానే లేదు. పోయిన ఏడు ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టిన జిల్లా వారీ రిపోర్టు, ఇవ్వాళ అదే ఏడుకు తీసిన రిపోర్టు కలవవు, ఏ బిల్లూ మారలేదు అయినా.

వరంగల్ అనే పేరు ఇంకా పెద్ద చిక్కు. 2015లో వరంగల్ జిల్లా అమ్మకం, 2022లో వరంగల్ జిల్లా అమ్మకం పక్కపక్కన పెట్టి సగం కూడా లేదని కంగారు పడితే అర్థం లేదు, ఆ రెండు పేర్లు చెప్పే భూభాగాలే వేరు. పేరు కీ కాదన్న మాట ఇక్కడ మనుషులకే కాదు, జిల్లాలకూ వర్తిస్తది.

దీనికి రెండు దారులున్నయి, రెండూ సరైనవే, ప్రశ్నను బట్టి. ఆ రోజు ఏ జిల్లా ఉన్నదో అదే చూపించాలంటే మాస్టర్‌లో ఒక్కొక్క డీలర్‌కు ఎన్నో వరుసలు పెట్టి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ జిల్లా అని రాయాలె, జాయిన్‌లో బిల్లు తేదీ ఆ రెండు తేదీల మధ్య ఉండాలన్న షరతు పెట్టాలె. ఆ షరతు మరిస్తే పరకాల డీలర్‌కు మూడు వరుసలు కాబట్టి అమ్మకం మూడింతలు, మళ్లీ పాత కథే. లేదు, పదేండ్ల పెరుగుదల పోల్చాలంటే అన్ని ఏండ్లను ఇవ్వాల్టి జిల్లాల కిందనే చూపించాలె, అప్పుడే పోలిక కుదురుతది. ఈ రెండో పనికి మండలం కోడ్ దాచుకున్నోళ్లకు దారి దొరుకుతది, జిల్లా పేరు ఒక్కటే దాచుకున్నోళ్లకు దొరకదు.

పన్ను రేటుది కూడా ఇదే కథ. 2025 సెప్టెంబర్ 22 నుంచి డ్రిప్, స్ప్రింక్లర్ సామాన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఐటమ్ మాస్టర్‌లో రేటు మారుస్తరు, మార్చాల్సిందే. కానీ పాత బిల్లు పన్నును రిపోర్టులో మాస్టర్ రేటుతో లెక్కగడితే ఆగస్టులో 1,00,000 కు కట్టిన 12,000 పన్ను 5,000 అని వస్తది, రిటర్న్‌తో 7,000 తేడా. బిల్లు లైన్‌లోనే ఆ రోజు రేటు, ఆ రోజు పన్ను రాసి ఉంటయి, అక్కడి నుంచే తీయాలె. బిల్లు ఒక జరిగిన సంగతి, దాని వివరాలు మాస్టర్ నుంచి మళ్లీ అరువు తెచ్చుకోవాల్సిన పని లేదు.

ఒకే సరుకు, వేరే వేరే కొలతలు

దీన్ని క్లుప్తంగ చెప్పుకోవచ్చు. జిన్నింగ్ మిల్లుకు పత్తి క్వింటాళ్లలో వస్తది, దూది బేళ్లలో పోతది, బేల్ అంటే 170 కిలోలు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు లెక్క, అమ్మకం క్వింటాళ్లలో. పరిమాణం కాలమ్ కూడే ముందు పక్కనున్న యూనిట్ కాలమ్ చూడాలె, ఒక వరుసలో బస్తా ఇంకో వరుసలో క్వింటా ఉంటే ఆ టోటల్‌కు అర్థం లేదు. యూనిట్ మార్పిడి టేబుల్‌లో కీ సరుకు, యూనిట్ రెండూ కలిపి ఉంటది, సరుకు ఒక్కదానితో కలిపితే వరుసలు పెరుగుతయి.

పవర్ బీఐలో నక్షత్రం ఆకారం

రిపోర్టింగ్ కోసం డేటాను వేరే తీరుగ అమర్చుకోవడం ఇందుకే పుట్టింది. మధ్యలో జరిగిన సంగతుల టేబుల్, అంటే బిల్లు లైన్లు, చుట్టూ డీలర్, సరుకు, తేదీ, ఊరు లాంటి మాస్టర్లు, దీన్ని స్టార్ స్కీమా అంటరు. వసూళ్లది ఇంకో నక్షత్రం. రెండు నక్షత్రాల నడిమి టేబుళ్లను నేరుగా కలపొద్దు, రెండూ డీలర్ మాస్టర్‌ను, తేదీని పంచుకుంటయి, ఆ దారిలోనే అమ్మకం, వసూలు పక్కపక్కన వస్తయి, గుణకారం జరగదు.

రెండు టేబుళ్ల మధ్య ఒక్క సంబంధమే యాక్టివ్‌గ ఉంటది అన్నది పవర్ బీఐలో తెలుసుకోవాల్సిన ఇంకో విషయం. ఆర్డర్ తేదీ, డెలివరీ తేదీ, బిల్లు తేదీ మూడూ తేదీ టేబుల్‌కు కలిపినా ఒకటి గీతగ, మిగతావి చుక్కల గీతగ కనబడతయి. మార్చి ఆఖరున ఆర్డర్ వచ్చి ఏప్రిల్‌లో బిల్లైన సరుకు ఏ ఆర్థిక సంవత్సరంలో పడతదో ఆ గీత నిర్ణయిస్తది. రెండు దిక్కులా ఫిల్టర్ అన్న ఆప్షన్ తొందరపడి పెడితే ఎక్కడి ఫిల్టర్ ఎక్కడికి పాకుతున్నదో అంతుపట్టదు.

ఎట్ల తనిఖీ చేయాలె

ముందు కీ నిజంగ కీనేనా చూడాలె: ఆ కాలమ్ మీద గ్రూప్ చేసి ఒకటికన్నా ఎక్కువసార్లు వచ్చినవి ఉన్నయా అని అడిగితే ఒక్క నిమిషంలో తెలుస్తది. తర్వాత, ప్రతి జాయిన్‌కు ముందు వరుసలెన్ని, తర్వాత వరుసలెన్ని రాసుకోవాలె. లైన్ల టేబుల్‌కు డీలర్ మాస్టర్ కలిపితే వరుసలు ఒక్కటి కూడా పెరగొద్దు, ఒక్కటి కూడా తగ్గొద్దు. పెరిగితే మాస్టర్‌లో డూప్లికేట్ ఉన్నట్టు, లేకుంటే కీ సగమే వాడినట్టు. తగ్గితే మాస్టర్‌లో లేని కోడ్ బిల్లులో ఉన్నట్టు. ఒకేసారి ఏడు టేబుళ్లు కలిపి చివర్న చూస్తే ఏ మెట్టు దగ్గర తప్పిందో దొరకదు.

సంబంధం ఎక్కడుందో తెల్వనప్పుడు స్క్రీన్ నుంచి వెనక్కి పోవడం మేలు. ఎస్ఏపీలో ఆ బాక్స్ మీద ఎఫ్1 నొక్కి సాంకేతిక వివరాలు చూస్తే టేబుల్, ఫీల్డ్ పేరు చాలాసార్లు దొరుకుతది. ఓడూలో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఫీల్డ్ మీద మౌస్ పెడితే మోడల్ పేరు కనబడతది. దొరికిన పేర్లను ఒక కాగితం మీద డబ్బాలు గీసి, ఒక్కొక్క డబ్బాలో ఒక వరుస అంటే ఏందో ఒక్క వాక్యంలో తెలుగులో రాసుకుంటే సగం పని అయినట్టే. ఆ వాక్యం రాయరాలేదంటే ఆ టేబుల్ ఇంకా అర్థం కాలేదన్నట్టు.

ఇంకో జాగ్రత్త, ఈ బొమ్మ శాశ్వతం కాదు. ఎస్ఏపీ 2015లో తెచ్చిన ఎస్4 హానా అనే కొత్త వెర్షన్‌లో స్టాక్ కదలికల పాత హెడర్, లైన్ టేబుళ్ల చోట మ్యాట్‌డాక్ అనే ఒక్క టేబుల్ వచ్చింది, అకౌంటింగ్‌కు ఏసీడీఓసీఏ అనే టేబుల్ వచ్చింది, ఆర్డర్ స్టేటస్ కోసం వేరేగా ఉన్న టేబుళ్లు పోయి ఆ కాలమ్‌లు ఆర్డర్ టేబుళ్లలోనే కలిసినయి. ఈసీసీ అనే పాత వెర్షన్‌లో ఆఖరి అప్‌డేట్లు వేసుకున్నోళ్లకు కూడా మామూలు సపోర్ట్ 2027 ఆఖరుతో అయిపోతదని ఎస్ఏపీ ప్రకటించింది కాబట్టి కంపెనీలు మారుతున్నయి, పాత టేబుళ్ల మీద రాసుకున్న రిపోర్టుల్ని ఒక్కొక్కటి విప్పి చూడాల్సి వస్తది. హన్మకొండలో క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటున్న పిల్లలకు ఈ పనిలో అవకాశం ఉంది, సింటాక్స్‌తో పాటు బిల్లు, డెలివరీ, వసూలు ఒకదానెనుక ఒకటి ఎట్ల నడుస్తయో తెలిసినోళ్లకు ఇంకా ఎక్కువ.

ఆఖరి తనిఖీ అన్నిటికంటే పాతది. ఎక్కువ లైన్లున్న, విడతలుగా డబ్బులొచ్చిన, మధ్యలో ఒక సరుకు వాపస్ వచ్చిన ఒక చిక్కు బిల్లును ఏరి, దాని కాగితాలు ముందర పెట్టుకొని చేత్తో లెక్కగట్టి రిపోర్టులో ఆ ఒక్క బిల్లు నంబర్ ఫిల్టర్ పెట్టి చూడాలె. సాదా బిల్లులు వంద చూసినా పట్టుబడని తప్పు ఆ ఒక్కదాంట్లో పట్టుబడతది.